ఈ వారం సమస్య: ఱెక్క లమ్మిన వానికే ఱెక్క లబ్బె

పృచ్ఛకుడు (ఆటోనగర్, విజయవాడ):
ఈసారి సమస్య ఇచ్చే వంతు నాది. చివరి పాదం ఇదీ, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

ఱెక్క లమ్మిన వానికే ఱెక్క లబ్బె

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు (గణమంటే గురు లఘువుల గుంపు). నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి. ప్రాస బాధ లేదు. శకటరేఫ (ఱ) చూసి బెదరకండి, మామూలు రేఫ రాసినా ఎవరూ కొట్టరు.

దీని వెనక కథ ఏమిటని ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. షెడ్డులో పదిహేనేళ్ళుగా కడుతున్న నా విమానాన్ని అమ్మకానికి పెట్టాను. నీటి మీదా నేల మీదా దిగే రకం. అమెరికాలో 1958లో మొదటిసారి ఎగిరిన వోల్మర్ వీజే-22 స్పోర్ట్స్‌మన్ ప్లాన్లు తెప్పించుకుని మొదలుపెట్టాను. చెక్క పడవకి తోక తగిలించి, నెత్తిన ఇంజన్ పెట్టినట్టు ఉంటుంది. తమాషా ఏమిటంటే ఆ ప్లాన్లలో రెక్కలు ఉండవు. పాత ఏరోంకా విమానం రెక్కలు తెచ్చి బిగించుకోమంటారు. బెజవాడలో ఏరోంకా ఎక్కడ దొరుకుతుంది? రెక్కలూ నేనే కట్టుకున్నాను. అందుకే ఇన్నేళ్ళు. పడవ అయింది, రెక్కలు అయ్యాయి, ఇంజన్ లేదు. 85 హార్స్‌పవర్ కాంటినెంటల్ కొందామనుకున్న ప్రతిసారీ ఇంట్లో ఒక పెళ్ళో, కాలేజీ ఫీజో, ఆపరేషనో.

2024 నవంబర్ 9న పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ సీప్లేన్ ఎగిరింది కదా, దూరం నుంచి చూశాను. నీళ్ళు వదిలి లేచే ముందు దాని కింద నురగ సన్నగా, తెల్లగా ఒక గీతలా మిగిలింది. 'నేను కట్టేది ఇలాంటిదే' అని పక్కాయనతో అనబోయి ఆగిపోయాను. ఇంటికొచ్చి అమ్మకం ప్రకటన రాసుకున్నాను.

ఇక మీ ఇష్టం.

పటమట అక్కయ్య:
విమానం జోలికి పోలేదు తమ్ముడూ. రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళ రెక్కలు తీసుకున్నాను.

ఇటుక లెండలో మోసె తా నింటికొఱకు
కొడుకు పైలటై యొకనాడు కొనుచు పోయె
కిటికి కడ గూరుచుండి తా గేలు మోడ్చె
ఱెక్క లమ్మిన వానికే ఱెక్క లబ్బె

అరండల్‌పేట మాస్టారు:
అమ్మా, మొదటి పూరణకే ఇల్లు కట్టేశారు. 'తా నింటికొఱకు' దగ్గర ఎవరైనా నకారం చూసి యతి తప్పిందంటారేమో. అది 'తాను + ఇంటి'. యతి ఇకారానికి, 'ఇటుక'లోని ఇకారంతో చక్కగా కుదిరింది. అమ్మకం పద్యంలో 'కొనుచు పోయె' పడటం మీరు కావాలని చేశారో లేదో గానీ, నాకు నచ్చింది. ఒక్కటే లోటు: 'తా' రెండుసార్లు వచ్చింది.

నేను మైనాకుణ్ణి తెద్దామని కూర్చున్నాను. రెక్కలు కాపాడుకుని సముద్రంలో దాక్కున్న కొండ కదా, ఉభయచరానికి దగ్గర చుట్టం. కానీ ఆయన దాచుకున్నాడే గానీ అమ్మలేదు. రెండు గంటలు పోయాయి.

టింబర్ డిపో (గుంటూరు):
రెక్కలంటే మా డిపోలో తలుపు రెక్కలే.

తలుపు చేసెడి వడ్రంగి ధనము చాల
కూడబెట్టి టిక్కెట్టును గొనియె నేడు
కాశి కెగురుచు నింగిలో గాంచె గంగ
ఱెక్క లమ్మిన వానికే ఱెక్క లబ్బె

అరండల్‌పేట మాస్టారు:
ఊహ బాగుంది. కానీ 'తలుపు' మొదటి పాదంలో, 'ఱెక్క' నాలుగో పాదంలో. మధ్యలో కాశీ దాకా వెళ్ళొచ్చేసరికి చదివేవాడు తలుపు మర్చిపోతాడు. 'తలుపు రెక్కలు చెక్కుచు ధనము చాల' అనండి. 'చెక్కుచు' భగణమే (ఒక గురువు, రెండు లఘువులు). వడ్రంగి మాట పోతుంది, పోనివ్వండి, చెక్కేవాడు ఇంకెవరు?

పృచ్ఛకుడు:
తలుపు రెక్కలంటే గుర్తొచ్చింది. పడవ వెడల్పు చూసుకోకుండా షెడ్డుకి ద్వారబంధం పెట్టించాను. ఇప్పుడది బయటికి రావాలంటే ముందు తలుపులు ఊడదీయాలి. డిపో గారూ, మీకు పనికొస్తే అవి కూడా అమ్మకానికే.

కృష్ణలంక తమ్ముడు:
నాది అసలు విమానం మీదే అన్నా.

నీటి పైకి దిగెడు వేళ కాళ్ళు ముడిచి
నేల పైకి దిగెడు వేళ నిలువ దించి
రెండు బుద్ధుల పక్షికి రేటు చెప్పి
ఱెక్క లమ్మిన వానికే ఱెక్క లబ్బె

అరండల్‌పేట మాస్టారు:
'రెండు బుద్ధుల పక్షి' దగ్గర చప్పట్లు. మొదటి పాదంలో యతి పోయింది నాయనా. నీ-కా ఎలా కలుస్తాయి?

కృష్ణలంక తమ్ముడు:
ఇది చూడండి మాస్టారూ: 'నీటి పైకి దిగెడు వేళ నెత్తి కాళ్ళు'. ఇప్పుడు నీ-నె.

అరండల్‌పేట మాస్టారు:
అక్కడ ఉన్నది 'వేళన్ + ఎత్తి'. ఆ నకారం ద్రుతానిది, అంటే ముందు మాట చివర చేరిన 'న్'ది. యతికి లెక్కలోకి వచ్చేది ఎకారమే. అక్కయ్యగారి ఇంటికి ఏ న్యాయమో నీ కాళ్ళకీ అదే న్యాయం.

పృచ్ఛకుడు:
తమ్ముడూ, ఛందస్సు సంగతి మాస్టారు చూసుకుంటారు, కాళ్ళ సంగతి నేను చెబుతాను. ఈ రకం విమానాల్లో అసలు భయం ఇదే. చక్రాలు దించి ఉంచి నీటి మీద వాలితే నీళ్ళు వాటిని పట్టేస్తాయి, ముక్కు కిందికి పోయి బోర్లా పడుతుంది. చక్రాలు ముడిచి రన్‌వే మీద వాలితే అడుగు గీరుకుంటుంది, జేబుకి చిల్లు, అంతే. రెండూ తప్పులే గానీ మనిషి ప్రాణం పోయేది మొదటి దాంట్లో. ఇలా అంటే?

నీటి పైని చక్రము దించ నెత్తి క్రిందు
నేల పైని ముడువ బొడ్డు నేల గీచు

ఇక్కడ నెత్తి అంటే తలకాయే. దాని నకారం దాని సొంతం.

అరండల్‌పేట మాస్టారు:
అదే 'నెత్తి' అక్కడ చెల్లలేదు, ఇక్కడ చెల్లింది! రేపు మా మనవడికి యతి చెప్పడానికి ఇదే ఉదాహరణ.

కృష్ణలంక తమ్ముడు:
అన్నా, ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి 2017లో రిజిస్ట్రేషన్ కూడా తెచ్చుకున్నారు. మీరెందుకు వదిలేస్తున్నారు? కొంచెం ఆగలేరా?

పృచ్ఛకుడు:
ఆయన కాగితాల కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. నాకు కాగితాల దాకా వెళ్ళాలంటేనే ఇంజన్ కావాలి. యాభై ఎనిమిది నిండాయి తమ్ముడూ, నిచ్చెన ఎక్కి రెక్క కింద నట్టు బిగిస్తుంటే మోకాలు చెబుతోంది.

ఎలాగూ నిన్న బేరం కుదిరింది. ఇద్దరు వచ్చారు. హైవే ధాబా ఆయన 2.5 లక్షలు ఇస్తానన్నాడు. డాబా మీద పెట్టి లైట్లు చుడతాడట. ఎర్ర రంగు వేసివ్వగలరా అని మాత్రమే అడిగాడు. రెండోది ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నలుగురు, అందరూ కలిసి పోగేసింది 1,20,000. అందులో ఒక కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని పడవ అడుగున వేలు పెట్టి రుద్ది చూశాడు. అక్కడ ఒక మెట్టు ఉంటుంది. దాని అంచు కోసం నేను మూడు వారాలు ఎమిరీ కాగితం పట్టుకుని కూర్చున్నాను. "అంకుల్, ఈ మెట్టు ఎందుకు?" అన్నాడు. వేగం అందుకున్నాక నీళ్ళు అక్కడ తెగాలి, లేకపోతే అడుగుని పట్టుకుని వదలవు, అన్నాను. మళ్ళీ రుద్ది చూసి, "అయితే అంచు గుండ్రంగా ఉంటే పనిచేయదు కదా" అన్నాడు. పదిహేనేళ్ళలో ఆ అంచు గురించి అడిగినవాడు వాడొక్కడే. ధాబా ఆయనకి ఫోన్ చేసి లేదన్నాను.

నా పూరణ:

పదియు నైదేండ్లు షెడ్డులో బంది యైన
పడవ పక్షిని కాలేజి బాలు రడుగ
ధరను తగ్గించి నవ్వుచు తాళ మిడితి
ఱెక్క లమ్మిన వానికే ఱెక్క లబ్బె

అరండల్‌పేట మాస్టారు:
గణాలూ యతులూ బాగున్నాయి. 'ఇడితి' అని నేనుగా మొదలుపెట్టి 'వానికే' అని పక్కకి తప్పుకున్నారు. అది దోషమే, అయినా పట్టించుకోను.

పటమట అక్కయ్య:
నేను ఒకటి అడగనా? 'నవ్వుచు' అన్నారు. నిజంగా నవ్వారా?

పృచ్ఛకుడు:
లేదక్కయ్యా. గణానికి సరిపోయింది.

పటమట అక్కయ్య:
'ఏడ్చుచు' కూడా భగణమే.

పృచ్ఛకుడు:
అదీ కాదు. లారీలోకి ఎక్కిస్తుంటే ఎడమ రెక్క కొస షెడ్డు గోడకి రాసుకుని, జానెడు మేర దాని మీద అంటించిన గుడ్డ లేచింది. ఆ కుర్రాడు నా మొహం చూశాడు. నేనేమీ అనలేదు. 'మౌనిగా' అని మార్చుకుంటాను. రగణం, ఇంద్రగణాల్లోదే కదా మాస్టారూ.