పాత షెవీ 350 రీబిల్డ్: బంకు పెట్రోల్‌కి కంప్రెషన్ ఎంత పెట్టాలి?

ఇనపతుక్కు:
అందరికీ నమస్తే. షెవర్లే 350 స్మాల్ బ్లాక్ (350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్) మొత్తం విప్పేసి కూర్చున్నా, బోర్ 30 ఓవర్ (అంగుళంలో వెయ్యింట 30 వంతులు పెద్దది) కొట్టించాం, కాస్ట్ ఐరన్ హెడ్స్, ఒక్కో ఛాంబర్ 64 సిసి, ఫ్లాట్ టాప్ పిస్టన్లు, అవేమో డెక్ (బ్లాక్ పై ముఖం) కన్నా 0.64 మి.మీ. కిందే ఆగిపోతున్నాయి. మెషిన్ షాపాయన డెక్ చెక్కి పిస్టన్‌కి సమానం చేద్దాం, కంప్రెషన్ 10.2 (మిక్చర్ 10.2వ వంతుకి నొక్కుకోవడం) వస్తుంది అంటాడు. ఫ్రెండేమో 76 సిసి హెడ్స్ వేసేసి 8.5తో హాయిగా తిరుగు అంటాడు. పోసే పెట్రోల్ ఆక్టేన్ నంబర్ 95 ఆర్‌ఓఎన్. రేసులేం లేవు, లాంగ్ డ్రైవ్‌లే. ఏది సేఫ్?

గ్రీజుచేతులు:
క్యామ్ (వాల్వులు తెరిచి మూసే షాఫ్ట్) ఏంటో చెప్పకుండా కంప్రెషన్ అడిగితే ఎలా బ్రో. పిస్టన్ కింద నుంచి పైకి రావడం మొదలెట్టాక కూడా ఇంటేక్ వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది, అది మూసుకున్నాకే అసలు నొక్కుడు మొదలవుతుంది. అందుకే ఒకే 10 ఒక క్యామ్‌తో నాక్ (మిక్చర్ తనంతట తానే పేలడం) కొడుతుంది, ఇంకో క్యామ్‌తో గమ్మునుంటుంది. క్యామ్ వెంట వచ్చిన కార్డు చూసి చెప్పు.

ఇనపతుక్కు:
268 డిగ్రీలది అన్నా, హైడ్రాలిక్. ఇంటేక్ బీడీసీ (పిస్టన్ అట్టడుగు స్థానం) దాటాక 60 డిగ్రీలకి మూసుకుంటుందని ఉంది.

గ్రీజుచేతులు:
సరే లెక్క వేశా. ఇప్పుడున్నది ఉన్నట్టు, గ్యాస్కెట్ 1.04 మి.మీ.ది వేసుకుంటే స్టాటిక్ (పూర్తి స్ట్రోక్ లెక్క) 9.7, డైనమిక్ (ఇంటేక్ మూసుకున్నాక లెక్క) 8.0. డెక్ చెక్కితే 10.2, డైనమిక్ 8.45 దాకా పోతుంది, ఐరన్ హెడ్‌కి అది ఎక్కువ, అల్యూమినియం అయితే వేడి త్వరగా లాగేస్తుంది కాబట్టి నేనే వేసెయ్ అనేవాణ్ని. 76 సిసితో 7.1, బండి నిద్రపోతుంది.

అలాగని ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యమనట్లేదు. పిస్టన్ 0.64 కింద, గ్యాస్కెట్ 1.04, అంటే పైకొచ్చినప్పుడు హెడ్‌కీ పిస్టన్‌కీ మధ్య 1.68 మి.మీ. ఖాళీ, ఇదే అసలు దరిద్రం. ఆ ఖాళీ 1 మి.మీ. దగ్గరుంటే చదును భాగంలో ఉన్న మిక్చర్ ఒక్కసారిగా ప్లగ్ వైపు చిమ్ముతుంది, బాగా కలుస్తుంది, త్వరగా కాలిపోతుంది, మూలన మిగిలి తనంతట తానే పేలడానికి ఏమీ ఉండదు. కాబట్టి డెక్ చెక్కించు, కానీ పిస్టన్లు మార్చి 12 సిసి డిష్‌వి (పైన గుంట ఉన్నవి) వెయ్యి, డి ఆకారం డిష్ తీసుకో, చదును వైపు చదునుగానే ఉండాలి. స్టాటిక్ 9.6, డైనమిక్ 7.9, ఖాళీ 1.04. నాదే అయితే ఇదే వేస్తా.

పాతబంగారం:
అన్ని తిప్పలెందుకు, మందం గ్యాస్కెట్ వేస్తే కంప్రెషన్ తగ్గుతుందిగా. 1970లో ఎల్‌టీ-1 (350లోనే ఎక్కువ పవర్ రకం) కంప్రెషన్ 11 ఉండేది, 1971కి కంపెనీయే 9 చేసేసింది, బండ్లు నడవలేదా?

గ్రీజుచేతులు:
నడిచాయి సార్, పవర్ కూడా పోయింది. గ్యాస్కెట్ మందం పెంచితే నంబర్ తగ్గుతుంది కానీ ఆ ఖాళీ ఇంకా పెరుగుతుంది, 9కే నాక్ కొట్టే ఇంజన్లు చాలావరకు ఇలాంటివే.

బ్యూరెట్‌బాబు:
లెక్కలు బానే ఉన్నాయి గానీ ఆ 64 ఎవరు కొలిచారు? కేటలాగ్ నంబర్ నమ్మొద్దు, మూడు సిసి తేడా వస్తే స్టాటిక్ 0.3 మారిపోతుంది. వాల్వులు, ప్లగ్ బిగించి, ఛాంబర్ అంచుకి పల్చగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న యాక్రిలిక్ షీట్ అంటించు, హెడ్‌ని కాస్త వాల్చి రంధ్రం పై వైపుకి ఉండేలా పెట్టి బ్యూరెట్‌తో రంగు స్పిరిట్ వదులు, బుడగ రంధ్రం దగ్గరికొచ్చి పోయాక రీడింగ్ చూడు. అన్ని ఛాంబర్లూ చూడు, ఒకటి చూసి వదిలెయ్యకు. ఇంకోటి, బంకు మీద నంబర్ ఆర్‌ఓఎన్నో ఏకేఐనో (అమెరికాలో వాడే ఆక్టేన్ లెక్క) చూసుకో, 91 ఏకేఐ అంటే దాదాపు 95 ఆర్‌ఓఎన్, రెండూ కలిపేస్తే లెక్కంతా పోతుంది.

ఇనపతుక్కు:
థాంక్స్ అన్నలూ, ముందు ఛాంబర్లు కొలుస్తా, ఆ తర్వాతే పిస్టన్లు ఆర్డర్ పెడతా. టైమింగ్ ఎంత పెట్టమంటారు?

గ్రీజుచేతులు:
వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం పీకేసి మొత్తం స్పార్క్ అడ్వాన్స్ 32 డిగ్రీల నుంచి మొదలెట్టు, ఒక్కో డిగ్రీ పెంచుకుంటూ పో, 36 దాటకు. లోడ్ మీద, ఎత్తు ఎక్కేటప్పుడు, రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు వినిపిస్తే వెంటనే కాలు తీసేసి రెండు డిగ్రీలు తగ్గించు, ఆ చప్పుడుతో తోలితే రింగ్ ల్యాండ్స్ (పిస్టన్ మీద రింగుల మధ్య గట్లు) విరిగిపోతాయి. డెక్ చెక్కిస్తున్నావు కాబట్టి వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య క్లియరెన్స్ కూడా క్లే పెట్టి చూసుకో.