లివర్ క్యాన్సర్‌లో ప్రోటీన్ తగ్గించాలా?

ప్రశ్న: ప్రోటీన్‌లో ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం, కణాల ఎదుగుదలను నడిపే ఎమ్‌టార్‌ను రెచ్చగొట్టి కణితిని పెంచుతుందంటున్నారు. సిర్రోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడటం) కూడా ఉన్నవారికి ప్రోటీన్ తగ్గించాలా?

జవాబు 1: వద్దండీ. తగ్గిస్తే ముందు కరిగేది కండ, కణితి కాదు. దెబ్బతిన్న కాలేయం శుద్ధి చేయలేక వదిలేసిన అమ్మోనియాలో కొంత కండరమే పట్టుకుంటుంది. కండ తగ్గితే అమ్మోనియా మిగిలిపోయి మగత, తికమక పెరుగుతాయి. రోజుకు కిలో బరువుకు 1.2–1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే 60 కిలోలకు 72–90 గ్రాములు. పొట్టలో నీరుంటే ఆ బరువు తీసేసి లెక్కేయండి. చాలామంది తప్పేది ఇక్కడే.

జవాబు 2: పడుకునేముందు పిండిపదార్థంతో కొంచెం ప్రోటీన్ తప్పనిసరి, రాత్రంతా ఖాళీ కడుపైతే శరీరం కండనే తింటుంది. బీసీఏఏ (లూసిన్‌తో సహా మూడు అమైనో ఆమ్లాలు) పొడి రోజుకు కిలో బరువుకు 0.25 గ్రాములు, అదీ డాక్టర్ చెప్తేనే.

జవాబు 3: అర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లం కథ వేరు. చాలా కాలేయ కణితుల్లో అర్జినిన్ తయారీకి కావాల్సిన ఏఎస్ఎస్1 ఎంజైమ్ తక్కువ, అందుకే బయటి అర్జినిన్ లాక్కుంటాయి. తిండిలో మానేసి లాభం లేదు, కిడ్నీలు దాన్ని తయారుచేస్తాయి. రక్తంలో దాన్ని విరగ్గొట్టే ఏడీఐ-పెగ్20 మందే మూడో దశ ట్రయల్‌లో ఆయుష్షు పెంచలేకపోయింది.