ఎండాకాలం బెంగళూరులో పేల్ ఏల్: చల్లబెట్టాలా, ఈస్ట్ మార్చాలా?

మారతహళ్లి బావ:
ఏప్రిల్‌లో ఇంట్లో 20 లీటర్ల అమెరికన్ పేల్ ఏల్ బీరు కాశాను. చేదు, వాసన ఇచ్చే హాప్ పువ్వులు మొత్తం కాస్కేడ్ రకమే, చివర్లో 50 గ్రాములు డ్రై హాప్ కూడా, అంటే కాచకుండా నేరుగా బీరులో, వేశాను. రెండు వారాలకు మూత తీస్తే నారింజ తొక్క వాసన రావాల్సింది పోయి బాగా మగ్గిన పండు వాసన, తాగితే గొంతులో మంట, పైగా చేదు నాలుకను వదలడం లేదు. ఇంకో 50 గ్రాముల హాప్స్ వేసి ఉంటే సరిపోయేదా?

హోసూరు రోడ్డు:
హాప్స్ కాదు, నీళ్లు. బోరు నీళ్లు కాచే గిన్నెలో తెల్లగా ఉప్పు కడుతోందంటే అందులో బైకార్బొనేట్ ఎక్కువ ఉన్నట్టే, అది మ్యాష్, అంటే వేడినీళ్లలో నానే మాల్ట్, పీహెచ్‌ను పైకి లాగేస్తుంది. 5.2 నుంచి 5.5 మధ్య ఉండాలి, దాటితే చేదు గరుకుగా దిగుతుంది. ఆర్ఓ నీళ్లలో 5 గ్రాముల జిప్సం కలిపి చూడండి.

నెల్లూరు పెద్దన్న:
గరుకు చేదుకు నీళ్లే కారణమంటే ఒప్పుకుంటాను. మగ్గిన పండు వాసన, గొంతు మంట మాత్రం వేడి వల్ల వచ్చినవి. గది 28 డిగ్రీలు ఉందనుకోండి, ఈస్ట్ చక్కెర తింటూ తానూ వేడి పుట్టిస్తుంది కాబట్టి పులియడం జోరందుకున్నాక బకెట్ లోపల ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. నేను అమెరికాలో, ఓరెగాన్‌లో ఆరేళ్లు కాశాను, యూఎస్-05 అనే ఏల్ ఈస్ట్‌ను మొదటి మూడు నాలుగు రోజులు 18, 19 దగ్గర ఉంచితే చాలు, తర్వాత కాస్త పెరిగినా ఫర్వాలేదు. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్, దానికో టెంపరేచర్ కంట్రోలర్ ఉంటే పని అయిపోతుంది. హాప్స్ ఎంత గుమ్మరించినా ఆ మంట పోదు.

సిల్క్‌బోర్డ్ కుర్రాడు:
ఫ్రిజ్ ఎందుకన్నా? నార్వే వాళ్ల క్వైక్ ఈస్ట్ ఉంది కదా, వోస్ రకం 35 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పులుస్తుంది, పైగా నారింజ వాసన అదే ఇస్తుంది. మన ఎండకు సరిపోయే ఈస్ట్ పెట్టుకుని ఎండతో పోట్లాడటం దేనికి?

జయనగర్ అక్క:
ముందు ఇది చూడండి. కర్ణాటకలో ఎక్సైజ్ లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. అమ్మకపోయినా అంతే.

నెల్లూరు పెద్దన్న:
అక్క చెప్పింది నిజం, అందుకే తిరిగొచ్చాక నేను కాయడం మానేశాను. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల ఇంటి వాడకానికి కాసుకోవచ్చు.

తమ్ముడూ, నారింజ వాసన ఈస్ట్ నుంచి వస్తే అది వేరే బీరు. కాస్కేడ్ 1972లో ఓరెగాన్ నుంచి వచ్చిన హాప్, 1980లో కాలిఫోర్నియాలోని చికోలో మొదలైన సియెర్రా నెవాడా బీరు కంపెనీ వాళ్ల పేల్ ఏల్‌కు పేరు తెచ్చింది అదే. అందులో ఈస్ట్ నోరు మెదపదు, హాప్ మాట్లాడుతుంది. నాకు ఆ బీరు మీద ప్రేమ పుట్టిందే అందుకు.

సిల్క్‌బోర్డ్ కుర్రాడు:
రెండు నారింజల్నీ నాలుక విడిగా గుర్తు పడుతుందంటే నేను నమ్మను అన్నా.

మారతహళ్లి బావ:
లైసెన్స్ సంగతి నాకు తెలియదక్కా, ఇక్కడ ఆపేస్తున్నాను. అమెరికాలో, శాన్ హోసేలో మా తమ్ముడు వచ్చే నెల కాస్తున్నాడు. ఒకే వోర్ట్‌ను, అంటే ఇంకా పులియని తీపి కషాయాన్ని, రెండు బకెట్లు చేసి ఒకదాంట్లో యూఎస్-05, 19 డిగ్రీల్లో, రెండోదాంట్లో వోస్, 32లో పెట్టమన్నాను. నేను వెళ్లినప్పుడు ఏది ఏదో చెప్పకుండా పోస్తాడు. తాగి వచ్చి ఇక్కడే రాస్తాను.