పగడాల్లోని శైవలాల డీఎన్‌ఏలో రెండేసి పీక్‌లు, ఎలా తేల్చాలి?

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర, కాకినాడలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. గోదావరి బురదనీళ్లకు మన డెల్టా ఒడ్డున పగడపు దిబ్బలు పెరగవు కదా, అందుకే మా మేడమ్ అనుమతులతో లక్షద్వీప్ నుంచి తెప్పించిన పగడాల డీఎన్‌ఏ మీద పని చేస్తున్నాను.

పగడాల కణాల్లో బతికే శైవలాలను (ఆల్గే) గుర్తించడానికి, శైవలాల డీఎన్‌ఏలోని ఐటీఎస్2 అనే భాగాన్ని పీసీఆర్‌తో ఎక్కువ కాపీలు చేసి, డీఎన్‌ఏ అక్షరాల వరుస చదివే శాంగర్ సీక్వెన్సింగ్‌కి పంపాను. అవి క్లాడోకోపియం అనే శైవల ప్రజాతి అని తెలుస్తోంది గానీ, చాలా చోట్ల ఒకే స్థానంలో రెండు పీక్‌లు (గ్రాఫ్‌లో రెండు వేర్వేరు అక్షరాల శిఖరాలు) వస్తున్నాయి. ఈ భాగానికి ఒక్కో కణంలోనే బోలెడు కాపీలు, వాటిలో తేడాలూ ఉంటాయట. మరి ఇది ఒకే జాతిలోని తేడానా, రెండు జాతులు కలిసి ఉన్నాయా? క్లోరోప్లాస్ట్‌లోని పీఎస్‌బీఏ అనే జన్యువుకు చెందిన నాన్‌కోడింగ్ (ప్రోటీన్ తయారీకి కోడ్ లేని) భాగం చూస్తే తేలుతుందా? వేడిని తట్టుకునే డురుస్డినియం అనే మరో శైవల ప్రజాతి కొంచెం ఉన్నా వదిలేయకూడదని నా పట్టుదల. డీఎన్‌ఏ కాస్తే మిగిలింది, టెన్షన్‌గా ఉంది. ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.