అడక్కుండా ఫొటోకి వంకలు పెట్టడం అవసరమా?

అరండల్‌పేట కుర్రాడు:
సూటిగా అడుగుతున్నా. పోయిన వారం గుంటూరు మిర్చి యార్డులో తీసిన ఫొటో ఒకటి ఇక్కడ, మన ఫొటోల గ్రూపులో పెట్టాను. టిక్కీల (మిర్చి బస్తాల) పక్కన కూర్చుని తొడిమలు తీస్తున్న పెద్దావిడ, చుట్టూ మిర్చి. ఎలా ఉందో చెప్పమని నేను ఎవర్నీ అడగలేదు. డార్క్‌రూమ్ మాస్టారు వచ్చి "ఎరుపు మాడిపోయింది, వెనకున్న ఇనుప స్తంభం ఆవిడ తలలోంచి మొలిచినట్టుంది, నిలబడి తీశావు, కూర్చుని తీయాల్సింది" అని రాసి వెళ్లిపోయారు. మా బావ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి చుట్టాల గ్రూపులో పడేశాడు, "అంత డబ్బు పోసి కెమెరా కొన్నది ఇందుకా" అంటూ. రెండు రోజులు ఇంట్లో అదే టాపిక్. మనం సరదాకి తీసుకునేవాళ్లం, పొట్టకూటికి కాదు. అడిగితే చెప్పండి, అడక్కపోతే లైక్ కొట్టి వెళ్లండి. ఇందులో తప్పేముంది?

బెంజ్ సర్కిల్:
లైక్ కొట్టా. దేనికి కొట్టానో అడగొద్దు.

డార్క్‌రూమ్ మాస్టారు:
బాబూ, నలుగురిలో పెట్టాక నలుగురూ చూస్తారు, చూసినవాళ్లకి నోరుంటుంది. నేను రాసినవన్నీ ఫొటో గురించే, నీ గురించి ఒక్క ముక్క లేదు. మీ బావ సంగతి మీ ఇంట్లో తేల్చుకో.

ఎరుపు సంగతి మాత్రం వివరంగా చెబుతా, అందరికీ పనికొస్తుంది. కెమెరా వెనక మామూలుగా కనిపించే తెల్ల హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు, మూడు రంగుల్నీ కలిపి లెక్కగడుతుంది. మిర్చి కుప్పలో ఆకుపచ్చ, నీలం దాదాపు ఉండవు కాబట్టి మొత్తం గ్రాఫు మధ్యలో బుద్ధిగా కూర్చుంటుంది. లోపల ఎరుపు ఒక్కటే కుడి అంచు దాటి పోయుంటుంది, నీకు తెలీదు. మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగానికి దించి, రా (RAW) ఫైలుగా తీయాలి. నువ్వేమో దాని మీద మళ్లీ శాచురేషన్ (రంగు గాఢత) పెంచావు.

నేను గవర్నర్‌పేటలో ఒక స్టూడియోలో పని నేర్చుకున్నా. ప్రింటు బాగోకపోతే మా గురువుగారు ఏమీ అనేవారు కాదు, మూల చించి పక్కన పడేసేవారు. ఎందుకు చించారో నాకై నేను తెలుసుకునేసరికి ఏళ్లు గడిచాయి. నోటితో చెప్పేవాడు దొరికాడని సంతోషించాల్సింది పోయి చర్చ పెట్టావు.

మంగళగిరి మబ్బు:
చెప్పేదేదో పర్సనల్ మెసేజ్‌లో చెబితే గొడవే ఉండదుగా.

టిక్కీల బాబాయ్:
మాస్టారూ, మిర్చి ఎరుపు గురించి మాకు చెబుతారా? తాతల నాటి నుంచి కమిషన్ వ్యాపారం మాది. మంచి తేజ రకం కాయ ఎండలో అలాగే భగ్గుమంటది. అబ్బాయి ఉన్నది ఉన్నట్టు తీశాడు, అందులో మాడింది ఏమీ లేదు.

అరండల్‌పేట కుర్రాడు:
చూశారా! నా ఫోన్‌లో కూడా బాగానే ఉంది.

డార్క్‌రూమ్ మాస్టారు:
ఫోన్ స్క్రీన్ రంగుల్ని ఎగదోసి చూపిస్తుంది, అది సాక్ష్యం కాదు. బాబాయ్ గారూ, అది తేజ అని ఎలా చెప్పారు? బాడిగ ఎందుకు కాకూడదు?

టిక్కీల బాబాయ్:
భలేవారే. తేజ సన్నగా, నున్నగా ఉంటది. బాడిగ ముడతలు పడి ముదురు రంగులో ఉంటది, కారం తక్కువ. పసిపిల్లలు కూడా చెబుతారు. ఇప్పుడే జూమ్ చేసి చూశా, ముడతలు లేవు కాబట్టి తేజే. ఆగండి... నునుపు కూడా కనపడట్లేదే. కాయకీ కాయకీ మధ్య గీతే లేదు, అంతా ఒకటే ముద్ద.

డార్క్‌రూమ్ మాస్టారు:
నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదేనండీ. ముడత కనపడాలంటే ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉండాలి. ఎరుపు అంచు దాటాక రెండూ ఒకటే అయిపోతాయి. స్క్రీన్ మీద సర్దుకుపోవచ్చు, ప్రింటు వేస్తే ఎర్ర సిరా పారబోసినట్టే.

టిక్కీల బాబాయ్:
అయినా అది తేజే. ఆవిడ కొంగుతో ముక్కూ నోరూ ఎంత బిగించి కట్టుకుందో చూడండి. బాడిగకి అంత అక్కర్లేదు.

అరండల్‌పేట కుర్రాడు:
మీరిద్దరూ కాయ రకం తేల్చుకోండి! నేను అడిగింది ఒకటి, ఇక్కడ జరుగుతున్నది ఒకటి.

సరే, మనసులో మాట చెప్పేస్తా, ఎవరేమనుకున్నా సరే. డిసెంబరులో మాస్టారు ఉప్పలపాడు చెరువు దగ్గర తీసిన గూడబాతు ఫొటో పెట్టారు. వెనక నల్లటి తుమ్మచెట్లు, ముందు తెల్లటి రెక్క. రెక్కలో ఒక్క ఈక విడిగా కనపడదు, సున్నం కొట్టిన గోడలా ఉంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉంటే కెమెరా మోసపోయి వెలుగు పెంచేస్తుంది, తెల్ల పిట్టకి మనమే తగ్గించుకోవాలి అని నాకు నేర్పింది ఆయనే. కింద చూస్తే వరసగా "అద్భుతం సార్", "పాదాభివందనం సార్". ఒక్కడు నోరు విప్పలేదు. ఎందుకంటే ఆగస్టు 19న ఫొటోగ్రఫీ దినోత్సవానికి మనం పెట్టుకునే ప్రదర్శనలో ఎవరి ప్రింట్లు గోడెక్కాలో తేల్చేది ఆయనొక్కరే. 1839లో డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతిని దాచుకోకుండా లోకానికి చెప్పిన రోజది, మనమేమో ఆ రోజు కోసం నోళ్లు మూసుకుని కూర్చుంటున్నాం. మార్కులేసే ఆయన వంక పెడితే అది సలహా ఎలా అవుతుంది? నా ఫొటో పోయినట్టే కదా, అందరికీ ముందే తెలిసిపోయినట్టే కదా.

బెంజ్ సర్కిల్:
ఇదీ అసలు సంగతి. పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

డార్క్‌రూమ్ మాస్టారు:
రెక్క పోతుందని నాకు తెలుసు. ఆ రెక్క కింద నీడలో పిల్ల ఉంది. పిల్ల కన్ను కనపడాలని వెలుగు అక్కడికి సరిపెట్టి రెక్కని వదిలేశా. ఒక్క మాట అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి.

అరండల్‌పేట కుర్రాడు:
నన్నెవరు అడిగారు మాస్టారూ? "ఎందుకు నిలబడి తీశావు" అని అడగలేదు, "కూర్చోవాల్సింది" అన్నారు. ముందు కూర్చునే చూశా. టిక్కీల వరస అడ్డొచ్చి ఆవిడ చేతులు కనపడలేదు. నాకు కావలసింది చేతులు, ఆ గోళ్లు, ఆ వేళ్ల మధ్య ఎరుపు. మీ పిల్లకి కారణం ఉంటుంది, మా చేతులకి ఉండదా? స్తంభం మాత్రం చూసుకోలేదు, అది వేరే.

మంగళగిరి మబ్బు:
పేర్లు తీసేసి ప్రింట్లు ముగ్గురికి చూపిస్తే పోలా?

బెంజ్ సర్కిల్:
మనవాళ్ల వాటర్‌మార్కులు ఫొటో కన్నా పెద్దవి మబ్బూ, ఎలా తీస్తావు?

లబ్బీపేట లెన్స్:
మీ గొడవ చదువుతుంటే నాకు ఒళ్లు మండుతోంది. వంకలు పెట్టారని ఒకరి ఏడుపు. నేను ఇక్కడ చేరిన దగ్గర్నుంచీ నాకు ఎవరూ ఒక్క వంకా పెట్టలేదు. ఏది పెట్టినా "సూపర్ మేడమ్", "నైస్ అండి", దణ్ణం బొమ్మలు. మాస్టారు కూడా "చాలా బాగుందమ్మా" అని పోతారు. ఒకాయనైతే ఎడిటింగ్ మీవారు చేస్తారా అని విడిగా మెసేజ్ పెట్టాడు. కుర్రాడికి మూడు లోపాలు చెప్పారంటే అతను బాగుపడతాడని నమ్మకం ఉన్నట్టు. నా ఫొటో చూసి బాగుందని దాటిపోయారంటే ఏమనుకోవాలి? ఆగస్టులో గోడ మీద నావి ఎన్ని ఉంటాయో అందరికీ తెలుసు. కార్తీక పౌర్ణమికి పద్మావతి ఘాట్‌లో తీసిన దీపాల ఫొటో మళ్లీ పెడుతున్నా. చెప్పండి. "అమ్మా" అని మాత్రం మొదలుపెట్టకండి.

డార్క్‌రూమ్ మాస్టారు:
సరే. ఇది ఫోన్ నైట్ మోడ్. అది వరసగా ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది, కదలనివి బాగా వస్తాయి, కదిలేవి చెదురుతాయి. అందుకే ఫొటోలో దీపం వదిలే ఆవిడ మొహం నిలిచింది, దొప్ప వదులుతున్న చెయ్యి అలికిపోయింది. మామూలు మోడ్‌లో తీసి గ్రెయిన్ (చుక్కలు చుక్కలుగా) వచ్చినా ఓర్చుకోవాల్సింది. రెండోది, ఎడమ అంచున సగం తెగిన మనిషి, చేతిలో ఫోన్. ఇన్ని దీపాలున్నా అన్నిటికంటే ఎక్కువ వెలుగు ఆ స్క్రీన్‌దే, కన్ను ముందు అక్కడికే పోతోంది. కత్తిరించేయండి.

అరండల్‌పేట కుర్రాడు:
మళ్లీ అడగలేదు మీరు.

డార్క్‌రూమ్ మాస్టారు:
అబ్బబ్బా. అతన్ని ఎందుకు ఉంచారండీ?

లబ్బీపేట లెన్స్:
కావాలనే. ఆ రాత్రి దీపం వదిలేవాళ్లు ఒకరైతే దాన్ని ఫోన్‌లో పట్టేవాళ్లు పదిమంది. ఆ స్క్రీన్ తీసేస్తే అది ఏ కాలం నాటి దీపమైనా కావచ్చు.

డార్క్‌రూమ్ మాస్టారు:
అయితే సగం ఉంచకూడదు. సగం మనిషి పొరపాటున దూరినట్టే ఉంటాడు. పూర్తిగా రావాలి, లేదా అసలు రాకూడదు.

లబ్బీపేట లెన్స్:
నేను నిలబడింది ఆఖరి మెట్టు మీద. ఇంకో అడుగు వెనక్కి వేస్తే కృష్ణలో ఉంటా. చెయ్యి సంగతి ఒప్పుకుంటా, కత్తిరించడం మాత్రం ఒప్పుకోను.

అరండల్‌పేట కుర్రాడు:
ఎంపిక సంగతి ఎవరూ మాట్లాడరేం?

డార్క్‌రూమ్ మాస్టారు:
వచ్చే మీటింగులో అడుగు, అందరి ముందూ అడుగు. వచ్చేటప్పుడు ఆ మిర్చి ఫొటో ప్రింటు వేయించుకుని రా, ఫోన్‌లో చూపిస్తే నేను చూడను.