డ్రెస్డెన్ స్కూల్ సెంపర్‌దా, నికొలాయ్‌దా?

గోడగడియారం:
జర్మనీలోని డ్రెస్డెన్‌లో 19వ శతాబ్దపు నియో రినైసాన్స్‌ని, అంటే పాత ఇటలీ రినైసాన్స్ పద్ధతిలో బిల్డింగులు కట్టే స్టైల్‌ని, ఇద్దరు ఆర్కిటెక్ట్ మాస్టార్ల పేరు మీద సెంపర్-నికొలాయ్ స్కూల్ అంటారు కదా, మరి ఎవర్నడిగినా సెంపర్ పేరొక్కటే చెప్తారేంటి? నన్నడిగితే అది ముమ్మాటికీ నికొలాయ్ స్కూలే. సెంపర్ అక్కడి ఆర్ట్ అకాడమీలో ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పింది 1834 నుంచి 1849 దాకా, ఆ ఏడాది మేలో రాజు మీద జరిగిన తిరుగుబాటులో బారికేడ్లు కట్టించి ఊరొదిలి పారిపోయాడు. 1850లో ఆ కుర్చీలో కూర్చున్న హెర్మన్ నికొలాయ్ 1881లో చనిపోయేదాకా కదల్లేదు. 31 ఏళ్లు!

ఎల్బే_ఒడ్డు:
సర్వీసు లెక్కేసి తేల్చేస్తే ఎలా బాసూ, ఇదేమన్నా ప్రమోషనా 😄 1839లో బ్యాంకర్ ఓపెన్‌హైమ్‌కి సెంపర్ కట్టిన విల్లా రోజా చూడు, నలుచదరం ప్లాను, నట్టనడుమ హాలు, ఎల్బే నది వైపు ముఖం. తర్వాత ఈ ఊళ్లో లేచిన విల్లాలు చాలావరకు దాని పిల్లలే. నేనిక్కడే మాస్టర్స్ చేస్తున్నా, ఆయన ఆర్ట్ గ్యాలరీ ముందు నుంచే రోజూ వెళ్తా. కింది అంతస్తు రాళ్లు ఉబ్బెత్తుగా, మొరటుగా ఉంటాయి, పైన మాత్రం నున్నటి స్తంభాలు, వంపు కిటికీలు. మిగతావాళ్లు పట్టుకున్నది ఆ పద్ధతినే.

పాతపెంకు:
అసలు ఎవరి బిల్డింగులు మిగిలాయో వాళ్ల పేరే మిగిలింది అంతే. విల్లా రోజా కూడా 1945 బాంబుల్లో దెబ్బతింటే తర్వాత కూల్చేశారు. సెంపర్ పేరుతో ఉన్న ఒపెరా హౌస్ మాత్రం 1985లో మళ్లీ తెరిచారు, జనం నోట్లో ఉండేది దాని పేరే. ఆ మాటకొస్తే అది రెండో ఒపెరా, మొదటిది 1869లో కాలిపోయింది, రెండోదానికి ప్లాన్లు తండ్రి సెంపర్ గీసినా సైట్ మీద నిలబడి కట్టించింది కొడుకు మాన్‌ఫ్రెడ్, అతన్ని తలుచుకునేవాడే లేడు పాపం.

గోడగడియారం:
@ఎల్బే_ఒడ్డు ఒక్కడు కట్టిపోతే అది బిల్డింగ్ అవుద్ది, స్కూల్ ఎట్టా అవుద్ది? 1849లో మాస్టారితో పాటే స్టైలూ పోవాలిగా, పోలేదే! ఆర్కిటెక్ట్ లిప్సియస్ నికొలాయ్ దగ్గరే చదివి, 1881లో ఆయన కుర్చీలోకే వచ్చాడు. ఎల్బే పక్కన ఎత్తు మీదున్న నడకదారి బ్రూల్ టెర్రస్, దాని మీద అకాడమీ బిల్డింగ్ లిప్సియస్‌దే, దాని గాజు డోమ్‌ని ఊరంతా నిమ్మకాయలు పిండే గిన్నె అని వెక్కిరిస్తారు. తీరా అక్కడ టెర్రస్ మీద విగ్రహం ఎవరిది? సెంపర్‌ది!

ఎల్బే_ఒడ్డు:
కుర్చీ వారసత్వం వేరు, ఐడియా వారసత్వం వేరు. సెంపర్ దారి వెయ్యకపోతే నికొలాయ్ ఏం నేర్పేవాడంట?

గోడగడియారం:
ఇటలీనే నేర్పేవాడు. ఫ్లోరెన్స్, వెనిస్ ఏమన్నా సెంపర్ తాతగారి ఆస్తా?