కొత్త సిటీకి వెళ్తే అక్కడివాళ్ళు తినే చోటు ఎలా కనుక్కుంటారు?

అందరికీ నమస్తే. కొత్త ఊరెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు నిజంగా తినే చోటు మీరెలా పట్టుకుంటారో కాస్త చెప్పండి ప్లీజ్. గూగుల్ మ్యాప్స్‌లో రేటింగ్ నమ్ముకుని వెళ్తే చాలాసార్లు టూరిస్టులతో నిండిపోయిన హోటలే తగులుతోంది, అందుకే ఇప్పుడు రివ్యూలు కొత్తవి ముందొచ్చేలా పెట్టుకుని, లోకల్ భాషలో రాసినవి ట్రాన్స్‌లేట్ చేసి చదువుతున్నా, జనం పెట్టిన ఫోటోల్లో ప్లేట్లు, మెనూ బోర్డు కూడా జూమ్ చేసి మరీ చూస్తున్నా, కొంచెం నయమే. కానీ పొద్దున కాసేపు మాత్రమే తెరిచే చిన్న కొట్లు చాలావరకు మ్యాప్‌లో కనపడవు కదండీ, అసలు రుచి అక్కడే ఉంటుందని నా నమ్మకం. వాటి గురించి ఎవర్ని అడగాలి? రిసెప్షన్‌లో అడిగితే కమిషన్ వచ్చే చోటికి పంపుతారేమోనని డౌటు. టాక్సీ డ్రైవర్‌ని మంచి హోటల్ ఏది అనకుండా మీరెక్కడ తింటారు అని అడిగితే పనవుతుందా?

చూసే చోట్ల సంగతి కూడా చెప్పండి. మ్యూజియంలు చాలాచోట్ల సోమవారం మూసేస్తారు, అది ముందే చూసుకుంటా. పాత బజార్లు, పాత వీధులంటే నాకు ప్రాణం, కానీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. గైడుతో వెళ్ళే వాకింగ్ టూర్లలో మధ్యమధ్య కూర్చోనిస్తారా? పెద్దవాళ్ళతో వెళ్ళినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.